73 మ్యాచ్‌ల కుర్రాడు

పట్టాలు అందుకుంటున్న ఫిజియోథెరపీ, వ్యాయామ విద్య విద్యార్థులకు అభినందనలు.

స్నాతకోత్సవమంటే ఏ శాస్త్రవేత్త గురించో, ఏ పారిశ్రామికవేత్త గురించో చెప్పడం రివాజు. నేను ఒక ఫుట్‌బాల్ ఆటగాడి గురించి చెప్తాను. పేరు పెద్రి. స్పెయిన్ కుర్రాడు, బార్సిలోనా క్లబ్బులో మిడ్‌ఫీల్డర్. 2002 నవంబర్‌లో పుట్టాడు, అంటే దాదాపు మీ ఈడువాడే. క్రికెట్ దేశంలో ఈ ఫుట్‌బాల్ గొడవేమిటని అనుకోకండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానం దాకా నడిపించిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాద్‌వారే. ఆయన బడిపంతులు కూడా.

పెద్రి సొంతూరు తెగెస్తె. ఆఫ్రికా తీరానికి దగ్గర్లో, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న కానరీ దీవుల్లో చిన్న ఊరు. ఇంట్లోవాళ్లు హోటల్ నడిపేవారు. ఊళ్లోని బార్సిలోనా అభిమానులకు అదే అడ్డా. 2018లో, పదిహేనేళ్లప్పుడు, రియల్ మాడ్రిడ్ వాళ్లు ట్రయల్స్‌కు పిలిచారు. అక్కడ ఆ రోజుల్లో మంచు కురిసింది. నువ్వు ఈ స్థాయికి సరిపోవని చెప్పి పంపేశారు. ఆ ఏడాదే కానరీ దీవుల క్లబ్బు లాస్ పాల్మాస్ తీసుకుంది. 2019 సెప్టెంబర్‌లో 50 లక్షల యూరోలకు బార్సిలోనా కొనుక్కుంది. ఈ తిరస్కరణ ఘట్టాన్ని సాగదీసి చెప్పడం ఉపన్యాసకులకు మహా సరదా. నాకు లేదు. మంచులో కొద్ది రోజులు చూసి పదిహేనేళ్ల పిల్లాణ్ణి తూచడం ఎవరి తరమూ కాదు, అంతే.

అతని ఆట గురించి మాత్రం కాస్త నిదానంగా చెప్పనివ్వండి. మిడ్‌ఫీల్డర్ పని టీవీలో సరిగా కనబడదు. కెమెరా బంతి వెంట పరిగెడుతుంది. పెద్రి చేసే అసలు పనేమో బంతి తన కాలికి చేరకముందే జరిగిపోతుంది. భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూస్తాడు, మరోసారి పక్కకు చూస్తాడు. ప్రత్యర్థి ఎటునుంచి మీదికొస్తున్నాడో, సొంత జట్టువాడు ఎక్కడ ఖాళీగా ఉన్నాడో ముందే చూసి పెట్టుకుంటాడు. అందుకే బంతి తగిలీ తగలగానే మీదికొచ్చినవాణ్ణి దాటేసి తిరిగిపోతాడు. మొత్తం మీద వేగంగా పరిగెత్తేదీ లేదు, ఒంటి బలం చూపించేదీ లేదు. 2021 జులైలో యూరో కప్ సెమీఫైనల్. వెంబ్లీ మైదానం, ఎదురుగా ఇటలీ. పద్దెనిమిదేళ్ల ఈ కుర్రాడు తొంభై నిమిషాల్లో ఒక్క పాసు కూడా తప్పు వేయలేదు. స్పెయిన్ పెనాల్టీల్లో ఓడింది గానీ, ఆ టోర్నీలో ఉత్తమ యువ ఆటగాడి బహుమతి అతనికే వచ్చింది.

అదే టోర్నీలో క్రొయేషియాతో మ్యాచ్. చాలా దూరం నుంచి గోల్‌కీపర్‌కు మామూలుగా వెనక్కి పాసు ఇచ్చాడు పెద్రి. కీపర్ ఉనాయ్ సిమోన్ అంచనా తప్పాడు. బంతి అతని కాలిని దాటి నేరుగా వలలోకి పోయింది. రికార్డు పుస్తకంలో అది పెద్రి సెల్ఫ్ గోల్. పాసులో తప్పేమీ లేదు, అయినా అతని పేరే రాశారు. ఆ తర్వాత అదనపు సమయంలో సిమోన్ ఒక గొప్ప సేవ్ చేశాడు, స్పెయిన్ 5-3తో గెలిచింది. రేపు మీరు ఏ ఆస్పత్రిలో చేరినా, ఏ బళ్లో చేరినా, కాగితం మీద ఉన్న పేరొక్కటే చూసి ఎవరినీ తప్పుపట్టకండి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి. 2020-21 సీజన్‌లో పెద్రి క్లబ్బుకూ దేశానికీ కలిపి 73 మ్యాచ్‌లు ఆడాడు. జులై 6న ఇటలీతో సెమీఫైనల్. పదహారు రోజులు తిరక్కుండానే జపాన్‌లో, ఒలింపిక్స్ జట్టులో ఉన్నాడు. ఆగస్టు 7న ఫైనల్లో బ్రెజిల్ చేతిలో ఓడి రజతం తెచ్చుకున్నాడు. ఎనిమిది రోజులకు బార్సిలోనా ఆడే లీగ్ మొదలైంది, అందులోనూ దిగాడు. సెప్టెంబర్‌లో బాయర్న్ మ్యూనిక్‌తో ఆడుతుండగా తొడ కండరం పట్టేసింది. ఆ గాయం ఏడాది చివరి దాకా సాగింది. తిరిగొచ్చాక మెరిశాడు, కానీ 2022 ఏప్రిల్‌లో తొడ వెనక కండరం దెబ్బతిని ఆ సీజన్ అక్కడితో ముగిసింది. ఆ గాయాల నడుమే గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ కూడా వచ్చాయి, అంటే యువ ఆటగాళ్లకు ఇచ్చే రెండు పెద్ద బహుమతులు. ఆ తర్వాతి రెండేళ్లూ కండరాల గాయాలు వదల్లేదు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. అప్పటి బార్సిలోనా కోచ్ కూమన్, యూరో కప్పుకూ ఒలింపిక్స్‌కూ ఒకే కుర్రాణ్ణి లాక్కెళ్లడం అతి అని బహిరంగంగానే అన్నాడు. నిజమే. కానీ 2020-21 సీజన్‌లో యాభైకి పైగా మ్యాచ్‌ల్లో ఆడించింది కూడా తనే! ఊరుమ్మడి చెరువుకు ఎవరి తూము వాళ్లు ఎత్తుకున్నట్టు, క్లబ్బు తన మ్యాచ్‌లే లెక్కపెట్టుకుంది, జాతీయ జట్టు తన మ్యాచ్‌లే లెక్కపెట్టుకుంది, ఒలింపిక్ జట్టు తనవి. మొత్తం కూడిక వేసింది ఒక్క ఆ కుర్రాడి ఒళ్లే. అతనికి ఆడాలనే ఉంటుంది. పద్దెనిమిదేళ్లవాణ్ణి దేశం తరఫున ఆడతావా అని అడిగితే వద్దంటాడా? కాబట్టి కాదని చెప్పే పని అతని మీద పెట్టకూడదు.

అన్ని గాయాలూ అలసట వల్లే అని నేననను. 2024 యూరో క్వార్టర్‌ఫైనల్లో జర్మన్ ఆటగాడు టోనీ క్రోస్ ఢీకొట్టాడు. ఆట మొదలైన ఎనిమిది నిమిషాలకే పెద్రి ఏడుస్తూ బయటికొచ్చాడు. అది పక్కా దురదృష్టం. స్పెయిన్ కప్పు గెలిచింది. ఆ తర్వాతి సీజన్‌లో, హాన్సీ ఫ్లిక్ కోచ్‌గా ఉండగా, పెద్రి ఏడాది పొడుగునా ఆడాడు. బార్సిలోనా లీగ్ గెలిచింది. 2025 ఏప్రిల్‌లో కోపా దెల్ రే ఫైనల్లో మొదటి గోల్ అతనిదే, అదీ రియల్ మాడ్రిడ్ మీద. ఆటకు ఒంటిని సిద్ధం చేయడమూ, ఎప్పుడు ఆపాలో తెలియడమూ మీరు చదువుకున్న చదువే. ఆ చదువుకు ఇంతకన్నా మంచి ప్రచారం నాకు తెలియదు.

ఇది స్పెయిన్ ముచ్చటే అనుకోకండి. మన జిల్లాల్లో పద్నాలుగేళ్ల ఫాస్ట్ బౌలర్ పొద్దున బడి జట్టుకు, సాయంత్రం అకాడమీకి, ఆదివారం లీగు మ్యాచ్‌కు బౌలింగ్ వేస్తుంటాడు. ఆ మూడుచోట్లా మూడు హాజరు పుస్తకాలుంటాయి. వాణ్ణి నొప్పితో మీ దగ్గరికి తీసుకొచ్చిన నాన్న, సెలెక్షన్లు దగ్గరపడ్డాయి, టేపు వేసి పంపించండి అంటాడు. టేపు వేయడం మీకు వచ్చు. దానికంటే ముందు ఆ మూడు పుస్తకాలూ తెప్పించుకోండి. ఈ నెలలో ఎన్ని ఓవర్లు వేశాడో మీరే ఒక కాగితం మీద కూడి, అది ఆ నాన్నకు చూపించండి. ఆయన కోప్పడొచ్చు. కోచ్ ఫోన్ చేసి అరవొచ్చు. అకాడమీవాళ్లు మరో ఫిజియోను వెతుక్కోవచ్చు కూడా. ఆ కాగితం నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. నెల తిరిగేసరికి వాళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.