క్రిస్మసు పండుగ పళ్ళెము



నేడు నేను మాటాడదలచినది పలహారములను గుఱించి. జీవితమంతయు బడిలో వ్యాకరణము చెప్పినవాడు వృద్ధాప్యమున పిండివంటల మాట యెత్తుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. కాని యన్నమును దైవముగా నెంచిన దేశము మనది. ఎవరు వండిరి, ఎవరికి పెట్టిరి, ఎవరు పుచ్చుకొనిరి అను ప్రశ్నలు మన గ్రామములలో చిన్న ప్రశ్నలు కావు. అందుచేత ఈ విషయమును ఎత్తుకొంటిని.

డిసెంబరు 25వ తేదీ క్రిస్మసు పండుగ. ఇటీవల నగరములలో ఆ పండుగనాటి విందులయందు ఒక యలవాటు వ్యాపించినది. వెడల్పైన కొయ్యపలక మీద పలుచగా కోసిన మాంసపు ముక్కలు, చీజు, బిస్కట్లు, ద్రాక్షపండ్లు, బాదము, జీడిపప్పు మొదలగునవి అందముగా పేర్చి నడుమ నుంచుదురు. అతిథులు చుట్టును నిలిచి, మాటలాడుకొనుచు, ఎవరికి కావలసినది వారు తీసికొందురు. దీనిని షార్క్యుటరీ బోర్డు అందురు. షార్క్యుటరీ యనునది ఫ్రెంచి మాట. ముఖ్యముగా పందిమాంసమును ఉప్పుతోను పొగతోను నిలువచేయు విద్య. ఉప్పు మాంసములోని నీటిని లాగివేయును. నీరు తగ్గినచోట క్రిములు పెరుగలేవు. మన యూరగాయలోను, ఎండుచేపలోను ఉన్న యుక్తియే అది. చలిదేశములలో శీతకాలమునకు తిండి దాచుకొనుటకై పుట్టిన విద్య, నేడు విందులకు అలంకార మైనది.

ఆ ఫ్రాన్సు దేశముననే దక్షిణమున ప్రొవాన్సు అను సీమ కలదు. అచ్చటి క్రిస్మసు బల్ల మిక్కిలి ప్రసిద్ధము. పండుగకు ముందటి రాత్రి బల్లపై మూడు తెల్లని గుడ్డలు ఒకదానిపై నొకటి పఱచి, మూడు దీపములు పెట్టుదురు. ఆ రాత్రి భోజనమున మాంసము ఉండదు. పిమ్మట పదుమూడు విధముల తీపి పదార్థములు వచ్చును. ఏసుక్రీస్తును, పన్నిద్దఱు శిష్యులను స్మరించి ఆ సంఖ్య పెట్టుకొనిరి. వానిలో ఎండు అత్తిపండ్లు, ఎండుద్రాక్ష, బాదము, అక్రోటు అను నాల్గింటికి భిక్షువులని పేరు. సన్న్యాసుల నాలుగు సంఘములవారు ధరించు వస్త్రముల రంగులను అవి గుర్తు చేయునట. ఒలీవనూనెతో చేసిన తీపిరొట్టెను కత్తితో కోయరు, చేతితో విఱుచుదురు. ఈ పదార్థములన్నియు మూడు దినములు బల్లమీదనే యుండును. అన్నిటికంటె నాకు నచ్చిన యాచార మింకొకటి. ఆ బల్లయొద్ద బీదవానికని ఒక చోటు అదనముగా వేసి యుంచుదురు. పదుమూడు పదార్థముల పేర్లు మఱచినను, ఆ యొక్క చోటును మఱవకుడు. నా ప్రసంగమంతయు ఆ చోటును గుఱించియే.

ఇక మన దేశమునకు వత్తము. మంగుళూరు ప్రాంతపు క్రైస్తవులు క్రిస్మసునాడు పలువిధముల పిండివంటలను పళ్ళెమున నమర్చి ఇరుగుపొరుగువారికి పంపుదురు. దానికి కుస్వార్ అని పేరు. అందులో కుల్‌కుల్ అను వంటకము ఉండును. అది మన గవ్వలే. నెవ్రి యుండును, అది మన కజ్జికాయయే. కొక్కిసాఁ అనునది మన గులాబీపువ్వు. పేర్లు మాఱినవి గాని మూకుడు ఒక్కటే.

మన తెలుగు గ్రామములలోను ఈ యాచారము కలదు. మన గ్రామములలో ఈ పండుగ కథకును ఆకలి కథకును సంబంధ మున్నది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమున మహాక్షామము వచ్చినది. అప్పుడు ఒంగోలునందున్న క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. తిండికొఱకు మతములో చేరిరను మాట రాకుండుటకై కఱవుకాలమున ఎవరికిని బాప్తిస్మ మీయలేదు. తరువాత 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. మెదకులోని గొప్ప దేవాలయమును పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభించి కట్టించునపుడును కఱవు వచ్చినది. కట్టడపుపని వేలమందికి కూడు పెట్టినది. ఆ దేవాలయమును ప్రతిష్ఠించినది 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, అనగా క్రిస్మసునాడే. కనుక మన పల్లెలలో ఒక యిల్లాలు పండుగనాడు పళ్ళెము నిండుగా పేర్చి పొరుగింటికి పంపుచున్నదనిన, ఆ పళ్ళెమునకు వెనుక ఆకలిని చూచిన తాతముత్తాతలు ఉన్నారని తలంపవలెను.

ఇప్పుడు ఆ పళ్ళెమును ఎట్లు సిద్ధపఱుపవలెనో చెప్పెదను. ఇది నేను మా యింటి యాడువారినుండియు, పొరుగింటివారినుండియు నేర్చినది.

మొదటిది అరిసె. క్రొత్తబియ్యము ఒక రాత్రి, ఒక పగలు నానవలెను. నడుమ నీరు మార్చవలెను. తడి ఆరకముందే దంచి జల్లించవలెను. కిలో బియ్యమునకు అరకిలో మొదలు ముప్పాతిక కిలో వఱకు బెల్లము పట్టును. పాకము నీటిలో వేసిన మెత్తని యుండ కట్టవలెను. ముదిరెనా అరిసె రాయి యగును, లేతయైన నూనెలో విచ్చిపోవును. రెండవది గులాబీపువ్వు. బియ్యపుపిండి రెండుపాళ్ళు, మైదా ఒకపాలు, చక్కెర ఒకపాలు, కొంచెము ఉప్పు, నువ్వులు కొబ్బరిపాలతో దోసెపిండివలె కలుపవలెను. గుత్తిని కాగిన నూనెలో వేడిచేసి, పిండిలో ముక్కాలు భాగమే ముంచవలెను. పూర్తిగా మునిగిన పువ్వు గుత్తిని వదలదు. కొందఱు పిండిలో గ్రుడ్డు కలుపుదురు. కొబ్బరిపాలు ఉన్నచో దాని యవసరము లేదు. మూడవది కజ్జికాయ. పచ్చికొబ్బరి, బెల్లము పెట్టినది మూడు నాలుగు దినములకంటె నిలువదు. ఎండుకొబ్బరి, వేయించిన రవ్వ, చక్కెర పెట్టినది వారము దాటియు చెడదు. వీనితోడు గవ్వలు, జంతికలు, కారపుబూంది. ఏదైనను పూర్తిగా చల్లారిన పిదపనే డబ్బాలో పెట్టవలెను. వేడిమీద మూతపెట్టిన ఆవిరిపట్టి మెత్తబడును.

ఇరువదిమంది వచ్చు విందునకు అరిసెలు ఇరువది, కజ్జికాయలు ఇరువది, గులాబీపువ్వులు నలుబది, జంతికలును బూందియు కలిసి ఒక కిలో, అరటిపండ్లు, కమలాపండ్లు మనిషికి ఒక్కొక్కటి చాలును. అంతకుమించి పేర్చుట గొప్పకే గాని తృప్తికి కాదు.

పేర్చుటలో మూడు నియమములు చాలును. నూనె యోడు అరిసెలను, కరకరలాడు వానిని ఒకచోట పెట్టరాదు. నడుమ అరటియాకు గాని అడ్డాకు గాని అడ్డముంచవలెను. బరువైనవి అడుగునను, విఱుగు స్వభావముగల గులాబీపువ్వులు పైనను ఉండవలెను. కోసిన పండ్లు వేఱుగా ఉంచవలెను. వాని తడి తగిలిన జంతిక యొక్క ప్రాణము పోవును. పళ్ళెమే కావలెనను నిర్బంధము లేదు. నగరవాసుల పలక మన పీటకు దగ్గఱి చుట్టమే. శుభ్రముగా కడిగి యారబెట్టిన, రంగు పూయని పనసపీట మీద అరటియాకు పఱచి పేర్చినచో ఏ ఫ్రెంచివాని పలకయు దానికి సాటి రాదు.

ఇంతవఱకు చెప్పినది చేతిపని. ఇకమీదిది మనసుపని. పళ్ళెము పేర్చువారు మొదట వంటకములను కాక, తినువారిని లెక్కింపవలెను. పిల్లలున్నారా? గట్టి యుండలు తగ్గింపుడు. మధుమేహము గలవారున్నారా? వేయించిన వేరుసెనగలు, జామపండ్లు ఉంచుడు. పండ్లు లేని పెద్దలున్నారా? వారికి మెత్తని పండ్లు పెట్టుడు. కేకులో గ్రుడ్డు ఉండును గనుక దానిని వేఱు పళ్ళెమున పెట్టి, ఆ సంగతి ముందుగా చెప్పుడు. మాంసము పెట్టదలచినవారు దానిని వేఱుగా, వేఱు గరిటెతో పెట్టుడు. వండిన మాంసమును రెండుగంటలకు మించి బయట నుంచకుడు. ఇదంతయు పాకశాస్త్రము కాదు, పొరుగువానిపై గౌరవము.

ఈ మాట నాకు ఎట్లు తెలిసినదో చెప్పకుండుట న్యాయము కాదు. నలుబది యేండ్ల క్రిందట నేను ఒక పల్లెబడిలో పనిచేయుచుంటిని. నాతోడి లెక్కలపంతులుగారు క్రైస్తవులు. మన సంఘము ఊరికి వెలుపల నుంచిన పేటలో పుట్టి చదువుకొని వచ్చిన మనిషి. క్రిస్మసునాడు ఆయన కుమారుడు అల్లికగుడ్డ కప్పిన కంచుపళ్ళెము తెచ్చి మా యరుగుమీద నిలిచెను. నేను నవ్వుచు పుచ్చుకొంటిని. పిల్లవాడు మలుపు తిరుగగానే, దానిని గడప దాటనీయక, మా పాలేరు చేతికిచ్చి తీసికొనిపొమ్మంటిని. పళ్ళెము కడిగించి మఱునాడు పంపబోవగా నా భార్య, వట్టిపళ్ళెము పంపరాదు, కొంచెము బెల్లమైనను వేయుడనెను. అవసరము లేదంటిని. పళ్ళెము వట్టిదిగనే పోయినది.

మఱుసటి క్రిస్మసునకు అదే పిల్లవాడు, అదే పళ్ళెము, అదే అల్లికగుడ్డ. గుడ్డ తీసి చూచితిని. అరటిపండ్లు, నాలుగు కమలాపండ్లు, ఒలువని వేరుసెనగకాయలు, కొట్టని కొబ్బరికాయ. పిల్లవాడు చేతులు కట్టుకొని, ఇందులో మేము వండినది ఏమియు లేదని మీతో చెప్పుమని నాన్నగారు చెప్పినారండి అనెను. వానికి తొమ్మిదేండ్లు. వాడు నా తరగతిలోనే మొదటి బల్లమీద కూర్చుండువాడు.

ఆయనకు సర్వమును తెలిసినది. తెలిసియు సంవత్సరమంతయు నాతో నొక్కమాట యనలేదు. నా ఆచారమునకు భంగము రాకుండ ఏమి పంపవచ్చునో ఆలోచించి పంపినారు. నేను ఆయనను అవమానించినాను. ఆయన నా పళ్ళెమున నాకు చోటు వేసినారు. నేను చదివిన శాస్త్రములలో ఏదియు ఆనాడు నాకు అడ్డుపడి నన్ను సమర్థింపలేదు.

ఇరువది దినములకు సంక్రాంతి వచ్చినది. నా భార్య అరిసెలు చేసెను. ఆ కంచుపళ్ళెములో పెట్టుకొని నేనే వారి యింటికి పోయితిని. వారి యిల్లాలు కాఫీ తెచ్చి, ఇవ్వవచ్చునో కూడదో తోచక గుమ్మమున నిలిచిపోయెను. చేయి చాచి పుచ్చుకొని త్రాగితిని. పంతులుగారు పాతసంగతి యెత్తలేదు. అర్ధసంవత్సర పరీక్షల పేపర్లను గుఱించి మాటాడినారు. ఆయన నన్ను క్షమించెనో లేదో నేను అడుగలేదు. అడుగుటకు నాకు అధికారము లేదు. మూడవ క్రిస్మసునకు గులాబీపువ్వులు వచ్చినవి. వీనిలో గ్రుడ్డు లేదని వర్తమానము కూడ వచ్చినది. మా యింటిల్లిపాదియు తింటిమి. పంతులుగారు నేడు లేరు. ఆ పళ్ళెము మాత్రము డిసెంబరులో వారి యింటినుండి మాయింటికిని, జనవరిలో మాయింటినుండి వారి యింటికిని తిరుగుచునే యున్నది.

పెద్దలారా, క్రిస్మసునకును సంక్రాంతికిని నడుమ ఇరువదిదినములే. రెండు పండుగలకును అదే క్రొత్తబియ్యము, అదే క్రొత్తబెల్లము, అదే అరిసె. గ్రామములో నలుగురు మీ నడతను చూచి నడుతురు. ఈ సంవత్సరము మీ యింటికి పళ్ళెము వచ్చినచో తెచ్చినవాని యెదుటనే గుడ్డ తీయుడు. వ్రతముచేతనో, వ్యాధిచేతనో ఒకటి తినలేకపోయిన ఆ మాట ముఖాముఖి చెప్పి మఱియొకటి తినుడు. పళ్ళెమును వట్టిగా పంపకుడు. క్రైస్తవసోదరులైన పెద్దలు తమ పళ్ళెమున పొరుగువాని కొఱకు ఒక చోటు ఉంచుడు, లెక్కలపంతులుగారు ఉంచినట్లు.