ఇంటికప్పు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

ఇళ్ల ప్లాన్లు గీయడం నా వృత్తి కనుక ఇంటికప్పు గురించే మాట్లాడతాను.

మన అచ్చంపేట పల్లెల్లోని పాత మట్టిమిద్దెలు మీకు గుర్తే. దూలాలు, వాటిపై కట్టెలు, ఆ పైన మందంగా మట్టి. పగటి వేడి ఆ మట్టిని దాటి లోపలికి దిగేసరికి పొద్దు గూకేది. అయితే ఏటా వానలకు ముందు మళ్లీ మట్టి వేయకుంటే మిద్దె కురిసేది. ఆ చాకిరీ ఇప్పుడు ఎవరికీ వద్దు, నాకూ వద్దు. దాని స్థానంలో వచ్చిన నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా ఎండను పీల్చి రాత్రి మన మీదే వదులుతుంది. ఇక రేకుల ఇల్లయితే చెప్పనక్కర్లేదు.

ఎండలు ముదురుతున్నాయని తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకు అది తప్పనిసరి. చిన్న ఇళ్లకు మాత్రం యజమాని ఇష్టం. ఎక్కువ ఉడికేది ఆ చిన్న ఇళ్లే!

అందుకే మన సంఘాన్ని ఒకటి అడుగుతున్నాను. మొదట బడి స్లాబుకు, తర్వాత అడిగిన పిల్లల ఇళ్లకు సున్నం వేయిద్దాం. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. వానలకు సున్నం కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. శివరాత్రికి చలి పోతుందంటారు కదా, అది దాటగానే మొదలుపెడదాం. కొత్తగా కట్టుకునేవారు పడమటి గోడకు నీడ, ఎదురెదురు కిటికీలు మరవొద్దు. మన బడి పిల్లల ఇళ్లకైతే ప్లాను నేను ఊరికే గీసిస్తాను.