ఇంటికి పెద్దదిక్కు, పాసుబుక్కులో లేని పేరు
(మండల సమాఖ్య మహాజన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత అన్న లెక్కలు పొద్దున్నే చదివి వినిపించినం. ఈ పుస్తకంల వేరే పేజీల్లో అవన్నీ ఉన్నయి, తీరిక ఉన్నప్పుడు చూసుకోండి. మాకు ఇచ్చిన ఈ కాసేపట్ల ఏ లెక్కలోనూ కనబడని ఒక మనిషి గురించి మాట్లాడుకుందాం. ఆ మనిషి మీ అందరి ఇండ్లల్ల ఉన్నది. ఎవుసం ఇంటి ముసలవ్వ. కొందరికి అత్త, కొందరికి తల్లి, కొందరికి నాయనమ్మ. ఈ హాల్లో కొందరికైతే అద్దంల కనబడే మనిషే.

ఈ ఏడాది మేము గ్రామ సంఘాల మీటింగులకు తిరిగినప్పుడు బోధన్ మండలంలో ఒక ఊర్లో ఎనభై దాటిన ఒక అవ్వ దగ్గర కూర్చున్నం. ఆమె కోడలు మన సభ్యురాలు. పేరు చెప్పొద్దన్నది కాబట్టి చెప్పం. పద్నాలుగేండ్లప్పుడు ఆ ఇంటికి కోడలై వచ్చిందట. అప్పటికి నిజాంసాగర్ కట్టి పాతిక ముప్పై ఏండ్లు. మంజీర మీద ఆ కట్ట పని 1923ల మొదలైంది, 1931ల పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చినంక 1937ల షక్కర్‌నగర్‌ల షుగర్ ఫ్యాక్టరీ పెట్టిన్రు. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద ఫ్యాక్టరీలల్ల ఒకటని పేరు. నీళ్లను చూసి కోస్తా జిల్లాల నుంచి కూడా రైతులు వచ్చి భూములు కొనుక్కొని క్యాంపులు వేసుకున్నరు. వర్ని, కోటగిరి, బోధన్ దిక్కు ఇప్పటికీ ఊర్ల పేర్ల వెనక క్యాంపు అని ఉంటది. ఆ క్యాంపుల ముసలమ్మల యాస వేరు గానీ వాళ్లు చెప్పే కష్టం మన అవ్వలు చెప్పేదే.

చెరకు సంగతి మీకు మేము చెప్పేదేముంది. పది పన్నెండు నెలల పంట. ముచ్చెలు సాళ్లల్ల పరిచేది ఆడోళ్లు, కలుపు తీసేది ఆడోళ్లు, గాలికి పడిపోకుండ జడ చుట్టేటప్పుడు చేతులు కోసుకునేది ఆడోళ్లు. మొదటి తోట నరికినంక కార్శి కాపాడేది కూడా వాళ్లే. ఫ్యాక్టరీకి బండ్లు కట్టుకొని పోయేది మాత్రం మొగోళ్లు. కాబట్టి కాంటా చిట్టీ మీద మొగోళ్ల పేరు, పైసలు కూడా ఆ పేరు మీదనే. అవ్వ మాతోని నవ్వుకుంట అన్నది, "బండ్ల వరుస రెండు రోజులు ముందుకు కదలకపోతే సద్ది మోసుకపోయేదాన్ని నేనే, చిట్టీ మాత్రం చూడలే" అని.

ఆమెకు ముప్పై ఏడేండ్లప్పుడు, 1980ల, మొగడు చనిపోయిండు. ముగ్గురు కొడుకులు, ఒక బిడ్డ. మూడెకరాల చిల్లర భూమి. పెద్దకొడుక్కు అప్పటికి పందొమ్మిదేండ్లు. ఎవుసం ఆమెనే చేసింది. కాలువ నీళ్ల వంతు అర్ధరాత్రి వస్తే కందిలి పట్టుకొని గెట్ల మీద తిరిగింది. పొలం పని లేని నాడు చాట ముంగటేసుకొని బీడీలు చేసింది. ఇద్దరు కొడుకుల పెండ్లి చేసింది. నడిపోన్ని మస్కట్ పంపనీకి మెడల గుండ్లు అమ్మింది. కొడుకు అక్కడ ఉన్న పదకొండేండ్లు కోడల్ని, మనుమల్ని, బర్లను, భూమిని చూసుకున్నది. బిడ్డకు కాన్పులు చేసింది. ఊర్ల ఎవరింట్ల పెండ్లయినా పోలు పోసుడు ఆమె చేతుల మీదనే కావాలంటరట.

ఇంత చెప్పినంక మేము అడిగినం, భూమి ఎవరి పేరు మీద ఉన్నది అవ్వా అని. కొడుకుల పేరు మీద. మొగడు చనిపోయినప్పుడు రికార్డు రాసే మనిషి ఇంటికొచ్చి కొడుకుల పేర్లు అడిగిండు, రాసుకొని పోయిండు. ఆమె పేరు అడగలేదు. ఆమె కూడా అడగాలనుకోలేదు. కొడుకుల పేరు మీద ఉంటే నా పేరు మీద ఉన్నట్టే గదా బిడ్డా అన్నది. 2018ల రైతుబంధు మొదలైనప్పుడు ఎకరానికి, పంటకు నాలుగువేలు వచ్చినయి. ఎవరి పేరు మీద పాసుబుక్కు ఉంటే వాళ్లకు. ఇప్పుడు ఆమెకు కంటి మందుకు పైసలు కావాలంటే ముగ్గురు కొడుకుల్ల ఎవరి వంతు నడుస్తున్నదో చూసుకొని అడుగుతది. నెలకు ఒక ఇంట్ల తింటది. వంతు మారే రోజు తన గిన్నె, దుప్పటి సంచిల పెట్టుకొని పక్క గల్లీకి నడుస్తది. ఒకప్పుడు కాలువ నీళ్లకు వంతు చూసుకున్న మనిషి.

ఆ కొడుకులు చెడ్డోళ్లని మేము అనం. వాళ్ల బతుకులు కూడా అంతంతే. 2002ల ఫ్యాక్టరీ ప్రైవేటు భాగస్వామ్యంలకు పోయింది, 2015 డిసెంబరుల మూతపడ్డది. చెరకు ఏసేటోళ్లు తగ్గిన్రు, వరికి మళ్లిన్రు. పెద్దకొడుకు అందుల కైకిలి చేసేటోడు, ఇప్పుడు నిజామాబాద్‌ల వాచ్‌మన్. కానీ మేము చెప్పేది వేరే. ఆ అవ్వకు భూమిల వాటా చట్టం ప్రకారం అప్పుడే ఉండె. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొగడు వీలునామా రాయకుండా చనిపోతే ఆయన వాటా భార్యకు, కొడుకులకు, బిడ్డలకు, ఆయన తల్లి బతికుంటే ఆమెకు కూడా సమానంగా రావాలె. చట్టం వచ్చిన ఇరవై నాలుగేండ్లకు కూడా ఆ సంగతి ఆ ఇంటికి చెప్పినోళ్లు లేరు. ముస్లిం చెల్లెళ్ల ఇండ్లల్ల వాటాల లెక్క వేరు, అక్కడ కూడా భార్యకు, తల్లికి వాటా ఉన్నది.

ఇట్లాంటిది మన దగ్గరనే జరుగుతదని అనుకోకండి. కెనడా దేశంల ఆల్బర్టా అనే రాష్ట్రం ఉన్నది, మైళ్లకొద్దీ గడ్డి మైదానాలు, పశువుల మందలు. అక్కడ ఐరీన్ మర్డాక్ అనే రైతు భార్య ఉండె. మొగడు ప్రతి ఏడు అయిదు నెలల దాకా వేరే పనికి బయటికి పోతే మందను, గడ్డి కోతను, ట్రాక్టర్లను ఆమెనే చూసుకున్నది. ఇరవై అయిదేండ్లు అట్ల చేసి విడిపోయినప్పుడు ఆస్తిల సగం అడిగింది. కేసు ఆ దేశపు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1973ల అయిదుగురు జడ్జీలల్ల నలుగురు ఆమెకు వాటా లేదన్నరు. రైతు పెండ్లాం అన్నాక ఆ పని ఎవరైనా చేసేదే గదా అన్నది వాళ్ల లెక్క. ఆ మాట విని అక్కడి ఆడోళ్లకు మస్తు కోపమొచ్చింది. ఆ గొడవతోని కొన్నేండ్లల్ల అక్కడి రాష్ట్రాలు చట్టాలే మార్చుకున్నయి. మన అవ్వ సంగతి కోర్టు దాకా కూడా పోలేదు, అంతే తేడా.

భూమి, ముసలితనం అన్న రెండు మాటలు వింటే మనకు మొదలు యాదికొచ్చే పేరు చిట్యాల ఐలమ్మ. చాకలి ఐలమ్మ. 1895 సెప్టెంబరు 26న పుట్టిందని జయంతి చేస్తరు. వరంగల్ దిక్కు పాలకుర్తిల కౌలుకు భూమి తీసుకొని ఎవుసం చేసింది. బట్టలు ఉతికే కులపామె సొంతంగ పంట పండించుడు విస్నూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి సహించలేదు. పండిన పంట ఎత్తుకపోనీకి మనుషుల్ని పంపిండు. ఆంధ్ర మహాసభ సంఘపోళ్లు అడ్డం నిలబడి ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చిన్రు. ఆ కథ ప్రతి ఏడు సభలల్ల వింటున్నం. 2024ల కోఠి మహిళా యూనివర్సిటీకి ఆమె పేరు పెట్టిన్రు.

మేము ఆలోచించింది ఆ తర్వాత సంగతి. ఆ పంట గొడవ 1940లల్ల. ఆమె చనిపోయింది 1985 సెప్టెంబరు 10న. నడుమ దగ్గర దగ్గర నలభై ఏండ్లు ఆమె పాలకుర్తిలనే బతికింది. కొడుకులు, బిడ్డ, మనుమలు, ముసలితనం. స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోయి కూర్చొని అడిగితే తన కథ తానే చెప్పింది, 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' అన్న పుస్తకంల అచ్చయింది. మీటింగులల్ల ఆమె కొడవలి పట్టుకున్న బొమ్మనే పెడతరు, ముసలామె బొమ్మ పెట్టరు. మాకైతే ఆ నలభై ఏండ్లే ఎక్కువ విచారించాలనిపిస్తది.

ఇంకొక సంగతి చెప్తం. ఉమ్మడి రాష్ట్రంల బిడ్డలకు కూడా ఉమ్మడి ఆస్తిల కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు లెక్క. ఆ తేదీకి పెండ్లి కాని బిడ్డలకే అది. ఆ తర్వాత ఐలమ్మ అయిదు రోజులే బతికింది. పెండ్లయిన బిడ్డలకు కూడా దేశమంతా హక్కు వచ్చింది 2005ల.

పెద్దమ్మలు కొంచెం కోపం చేసుకోకుండ వినాలె. బిడ్డల వాటా మాట వచ్చినప్పుడు ఎక్కువసార్లు అడ్డం పడేది ఎవరు? "నీకు పెండ్లప్పుడు పెట్టినం గదా, అన్నదమ్ములతోని పుట్టింటి సంబంధం తెంపుకుంటవా" అని బిడ్డ చేత సంతకం పెట్టించేది తల్లే. మన తనిఖీలల్ల మూడు ఊర్లల్ల ఇదే విన్నం. తనకు పేరు లేకపోయినా మా ఇల్లు, మా భూమి అనుకుంట కొడుకుల దిక్కు నిలబడతది. అదే తల్లి పదేండ్లకు వంతుల కింద తిండి తింటది, చూడనీకి మళ్లీ ఆ బిడ్డనే బస్సెక్కి వస్తది. కోడండ్లు కూడా వినాలె. సంఘంల బర్రె అప్పు మీ పేరు మీద ఉన్నది. ఆ బర్రెకు గడ్డి కోసేది, పాలు పిండేది, ఎవరికి ఎంత పోసిందో గోడ మీద బొగ్గుతోని గీతలు గీసేది మీ అత్త. పాల పైసలు వచ్చిన నాడు ఆమె చేతుల కొంత పెడుతున్నరా అని అడిగితే సగం మంది తల వంచుకున్నరు.

ఇక పనికొచ్చే మాటలు. ముసలామె పేరు మీద భూమి ఉంటే అది అట్లనే ఉండనియ్యండి. కొడుకులు అడిగిన్రని తొందరపడి దానపట్టా చేయకండి. తప్పదనుకుంటే, నన్ను చూసుకోవాలె అన్న షరతు ఆ కాగితంల రాయించుకోండి. 2007ల తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. అరవై దాటినోళ్లు షరతు మీద ఇచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే వాపసు తీసుకోవచ్చు. నెలకు పోషణ ఖర్చు ఇప్పియ్యమని కూడా అడగొచ్చు, చట్టంల పదివేల దాకా ఉన్నది. దరఖాస్తు ఆర్డీవో ఆఫీసుల ఇయ్యాలె. వకీలు ఖర్చు భయం ఉంటే, ఆడోళ్లకు ఆదాయంతోని పని లేకుండ ఉచిత న్యాయ సహాయం ఉన్నది, నిజామాబాద్ కోర్టుల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఇస్తది. రైతు బీమా 18 నుంచి 59 ఏండ్లోళ్లకే, కాబట్టి ముసలామె పేరు మీద భూమి ఉన్నా ఆ అయిదు లక్షలు రావు. ఆ మాట చెప్పి పట్టా మార్పించుకునేటోళ్లు కొందరున్నరు. బీమా కోసం భూమి మార్చుకోవద్దని మా మాట, ఎందుకంటే ఆ పైసలు ఆమె బతికున్న దినాల్ల ఆమె కడుపుకు రావు.

ఇంట్ల ఎవరన్నా చనిపోతే విరాసత్ కాగితాలు పెట్టేటప్పుడు వారసుల లిస్టుల భార్య పేరు, బిడ్డల పేర్లు, తల్లి ఉంటే తల్లి పేరు ఉన్నయా అని చూసేది ఇక నుంచి గ్రామ సంఘం పనిగా తీసుకుంటున్నం. నిన్నటి బోర్డు మీటింగుల తీర్మానం రాసినం. నిండిన ఇంట్ల పైసల కాగితం మాటలు మాట్లాడుడు బాగుండదని కొందరు అక్కలు అన్నరు. దినాలు అయిపోయినంకనే పోదాం, కానీ ఇంటోళ్లు మీసేవ దగ్గరికి పోయేదానికన్న ముందు పోదాం అని ఒప్పుకున్నం.

వచ్చే నెల నుంచి ప్రతి గ్రామ సంఘం మీటింగుకు సభ్యురాలితోపాటు ఆ ఇంటి పెద్దామెను తోలుకొని రండి. నడవలేని వాళ్లుంటే వీఓఏకు చెప్పండి, మేమే ఇంటికొస్తం. ఆధార్ కార్డు, పట్టాదారు పాసుబుక్కు, మొగడు చనిపోయి ఉంటే మరణ ధ్రువీకరణ పత్రం, అన్నింటికి ఒక్కొక్క జిరాక్స్ తెచ్చుకోండి. అసలు కాగితాలు మాత్రం ఇంట్లనే, అవ్వ పెట్టెలనే ఉంచండి.