పాత ట్రాక్టరు రంకె వేస్తే



వేసవంతా కొట్టంలో నిలిచిన పాత డీజిలు ట్రాక్టరును తొలకరికి బయటికి తీస్తాం. ఒక్కొక్కప్పుడు స్టార్టు చేయగానే ఇంజను దానంతటదే వేగం అందుకొని రంకె వేస్తుంది. అప్పుడేం చేయాలి?

వెంటనే స్టాపు రాడ్డు లాగండి. తాళం తిప్పితే ఇది ఆగదు. డీజిలు అందకపోతేనే ఆగుతుంది. అయినా ఆగలేదా? గాలి పీల్చే గొట్టాన్ని చెక్కపలకతో మూయండి. చేయి మాత్రం అడ్డం పెట్టవద్దు. దగ్గరకు పోవడం కుదరకపోతే అందరూ దూరంగా తొలగండి. వేగం మీరిన ఇంజను పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చు.

చల్లారాక కారణం వెతకండి. చేతి థ్రాటిల్ పైకి ఉండిపోయిందా? పంపుకు పోయే కడ్డీ తుప్పుపట్టి బిగిసిందా? స్ప్రింగు ఊడిందా? తరువాత ఎయిర్ క్లీనరు గిన్నె విప్పండి. నూనె గీత దాటి ఉంటే ఇంజను ఆ నూనెనే పీల్చి మండించుకుంటుంది. డీజిలు ఆపినా ఆగకపోవడానికి ఇదొక కారణం. ఎక్కువైనది తీసేసి గీత వరకే ఉంచండి. ఇవన్నీ సరిగా ఉంటే లోపం పంపులోనో గవర్నరులోనో ఉండవచ్చు. వాటిని మీరు విప్పక మెకానిక్కుకు చూపండి.

ఈ తొలకరికి స్టార్టు చేసే ముందే స్టాపు రాడ్డు ఒకసారి లాగి వదలండి. అది కదలకపోతే ఇంజనును కదిలించకండి.