నిలుచున్న పాదమునకు కిరణచిత్రము

 

 గుండెను గూర్చియో కంటిని గూర్చియో మాటలాడుదుమని పలువురు తలచియుందురు. మేము పాదమును గూర్చి చెప్పదలచితిమి. అంగడిలోను, వంటయింటను, బడిగదిలోను దినమంతయు నిలుచుండి పనిచేయువారు మనలో పెక్కుమంది కలరు. వారు కాలు నొచ్చుచున్నదనిన ఇంటివారైనను లెక్కసేయరు.

ఒక్కొక్క పాదమున 26 ఎముకలు కలవు. మనుష్యుడు పండుకొన్నపు డివి యొకరీతిగ నుండును. నిలిచి బరువు మోపినపుడు వేఱొకరీతిగ నమరును. వంపు క్రుంగును, మడమ యొరగును, ఎముకల నడిమి సందులు మారును. నొప్పి పుట్టునది నిలిచినపుడు. చిత్రము తీయునది తఱచుగా పండుకొన్నపుడు. చిక్కంతయు నిందే యున్నది.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీదేశమందు రాంట్జెన్ పండితుడు ఎక్స్‌ కిరణములను కనుగొనెను. ఆ కిరణచిత్రము మహోపకారియే గాని, అది యొక నీడ. ముందరి ఎముక నీడయు వెనుకటి ఎముక నీడయు ఒకదానిపై నొకటి పడును. చిన్న ఎముకలు క్రిక్కిరిసిన పాదమున నీ లోపము మిక్కుటము. 1971లో లండనునందు హౌన్స్‌ఫీల్డు నిర్మించిన సి.టి. యంత్రముతో తొలిసారి రోగి మెదడును పొరలుపొరలుగ చిత్రించిరి. నీడల చిక్కు విడిపోయెను; కాని రోగి పండుకొనియే యుండవలసివచ్చెను.

లోతును, బరువును ఒక్కచోట చూపగల పద్ధతి కోన్ బీమ్ సి.టి. అనునది. మొదట దంతవైద్యమున వ్యాపించిన యీ పద్ధతి, 2010 తరువాతి దశాబ్దమున పాదములకై ప్రత్యేక యంత్రముల రూపమున వైద్యశాలలకు వచ్చెను. రోగి చిన్నవేదికపై నిలుచుండును. శంకువు ఆకారమున కిరణములను ప్రసరించుచు యంత్రము పాదముల చుట్టును తిరుగును. సుమా రొక నిమిషమునకే పని ముగియును. ఆ చిత్రములనుండి కంప్యూటరు ముక్కొలతల రూపమును గూర్చును.

దీని ప్రయోజనమేమందురా? మెట్లు దిగుచు కాలు మెలిపడినవాని సంగతి చూడుడు. పాదమధ్యమున లిస్‌ఫ్రాంక్ అను ఫ్రెంచి శస్త్రవైద్యుని పేర పిలువబడు సంధి కలదు. అచ్చటి బంధనము తెగినను, పండుకొని తీసిన చిత్రమున ఎముకలు స్వస్థానముననే యున్నట్లు కనబడవచ్చును. బెణుకని చెప్పించుకొని యింటికి వచ్చినవాడు నెలల తరబడి కుంటుచు పనికి పోవును, కీలు అరిగిపోవును. బరువు మోపి చిత్రించినచో, బొటనవ్రేలి వరుస ఎముకకును దాని ప్రక్కదానికిని నడుమ సందు విచ్చుట కానవచ్చును. ఆ తేడా కొలది మిల్లిమీటర్లే. దానిమీదనే యొక కుటుంబపు జీవనము నిలుచును. చదును పాదమువారికి మడమ వెలుపలికి జరిగి చీలమండ ఎముకను ఒరయుటయు నిట్లే బయటపడును.

మధుమేహముచే స్పర్శ తగ్గినవారి సంగతి వేఱు. వారికి పాదపు ఎముకలు విఱిగినను నొప్పి యంతగా తెలియదు. ఎఱ్ఱబడి, వేడెక్కి, వాచిన పాదమును చూచి చీముపట్టెనని భ్రమపడుదురు. దీనికి షార్కో పాదమని పేరు. అట్టివారిని నిలువబెట్టవచ్చునా లేదా యనునది వైద్యుడే నిర్ణయింపవలెను. అంతవరకు వారు నడవకుండుట మేలు.

కిరణములనిన భయపడువారు కలరు. ఆ భయము నిరాధారము గాదు. 1920 తరువాత అమెరికా, ఇంగ్లండు దేశములలో చెప్పుల అంగళ్లయందే ఇట్టి యంత్రములుంచి, పిల్లల కాలివ్రేళ్లను కిరణములతో చూపి బేరములు సాగించిరి! హాని తెలిసిన పిమ్మట 1957లో పెన్సిల్వేనియా రాష్ట్రము వానిని నిషేధించెను. నేటి పాదయంత్రపు మోతాదు సాధారణముగ, కొలదిదినములలో ప్రకృతినుండి మనకు సోకునంతయే. అయినను అవసరము లేనిది తీయించుకొనరాదు. గర్భవతులు ముందుగా చెప్పవలెను.

ఈ యంత్రము అన్ని యూళ్లను లేదు. లేనిచోట సాధారణ ఎక్స్‌రేనైనను నిలువబెట్టి తీయవచ్చును. అందుకు క్రొత్తయంత్ర మక్కరలేదు. వైద్యునితో "నిలుచుండి తీయించుకొనవచ్చునా?" యని యడుగుటకు మనవారు సంకోచింపవలదు. సంఘమునకు విరాళము లొసగు దాతలను మేము కోరునది యొక్కటియే: పాదపు గాయముతో పట్టణమునకు పోవలసిన పేదవానికి బండికూలియు, పరీక్షరుసుమును, పనిపోయిన దినముల భృతియు వైద్యసహాయనిధినుండి ముందుగానే చేతికందునట్లు ఈ సభలోనే తీర్మానింపుడు.