ఉపాధ్యాయుని వృత్తి సంతృప్తి – పాఠశాల ప్రగతి



ఉన్నత పాఠశాలలో చదువ నేర్చినవారే గ్రంథాలయమునకు పాఠకులగుదురు. కావున అచ్చట బోధించు ఉపాధ్యాయుడు తన వృత్తియందు సంతృప్తి గలిగియున్నాడా, లేడా యను ప్రశ్న ఆయన సొంత వ్యవహారము మాత్రమే కాదు. అది ఊరివారెల్లరును ఆలోచింపదగిన విషయము.

చాలినంత జీతమిచ్చినచో సంతృప్తి తనంతట కలుగునని పలువురు తలంతురు. అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ తన సహచరులతో కలిసి 1959లో ప్రకటించిన గ్రంథము వేరొక మాట చెప్పినది. పిట్స్‌బర్గు ప్రాంతమునందలి సుమారు 200 మంది ఇంజనీర్లను, గణకులను ప్రశ్నించి వారు తేల్చినదేమనగా: జీతము, పైయధికారుల తీరు, వసతులు సరిగా లేనిచో అసంతృప్తి పుట్టును; అవి చక్కబడినంత మాత్రమున సంతృప్తి కలుగదు. పనిని సాధించితినను భావము, గుర్తింపు, బాధ్యత, పనియందే గల రుచి సంతృప్తికి మూలములు. ఈ సిద్ధాంతమును తరువాత విమర్శించినవారును కలరు. అయినను పాఠశాలకు అన్వయించి చూచిన నిందు సత్యము లేకపోలేదు.

జీతము సకాలమున రాకున్నను, తరగతి గది కురియుచున్నను ఉపాధ్యాయుని మనస్సు నొచ్చును. వానిని సరిదిద్దుట ప్రభుత్వ విధి. 1952–53లో మొదలియారు అధ్యక్షతన మాధ్యమిక విద్యా సంఘమును, 1964–66లో కొఠారి అధ్యక్షతన విద్యా సంఘమును ఈ సంగతినే నొక్కి చెప్పినవి. కాని భిన్నములు రాని బాలుడు రెండేండ్లలో సమీకరణములు సాధించునప్పుడు గురువునకు కలుగు ఆనందమును ఏ వేతన సవరణయు నీయజాలదు.

గిడుగు రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరిరి. బడిపని చేయుచునే కొండవాసులగు సవరల భాషను నేర్చి, వారి పిల్లలకు బడులు పెట్టించి, 1931లో ఆ భాషకు వ్యాకరణమును వెలువరించిరి. వృత్తియందు రుచి గలవానికి పని బరువు గాదనుటకు ఇది నిదర్శనము.

అయితే సంతృప్తి యున్నంతనే పని బాగుండునని చెప్పుటకు వీలులేదు. సుఖముగా కాలము గడపుటయే సంతృప్తి యని భావించువారును కొందరుందురు. తరచుగా క్రమము తలక్రిందై, పని చక్కగా సాగినప్పుడే సంతృప్తి కలుగుచుండును. కనుక ఉపాధ్యాయుడు చక్కగా పనిచేయుటకు వలయు అనుకూలతలను కల్పించుటయే ముఖ్యము.

ఇందు గ్రామస్థుల పాత్ర స్వల్పము కాదు. పరీక్షాఫలితములు చెడిననాడు మాత్రమే బడి గుమ్మము త్రొక్కుట మంచి యలవాటు కాదు. ఏటికి రెండుసార్లైనను తండ్రియో తల్లియో వెళ్ళి పిల్లవాని చదువునుగూర్చి విచారింపవలెను. క్రొత్తగా వచ్చిన ఉపాధ్యాయునకు న్యాయమైన అద్దెకు ఇల్లు దొరకునట్లు చూడవలెను. లేనిచో ఆయన పట్టణమునుండి బస్సులో వచ్చి, గంట కొట్టగానే బస్సులో పోవును. సాయంకాలము సందేహము తీర్చుకొనగోరు బాలునకు గురువు దొరకడు. ఈ నష్టము గ్రామమునదే.

గ్రంథాలయమును చేయగలిగిన సాయము కలదు. పాఠములకు ఉపకరించు నిఘంటువులను, శాస్త్రగ్రంథములను ఉపాధ్యాయులు కోరిన మేరకు తెప్పించి, వారముననొకనాడు విద్యార్థులకు పుస్తక పరిచయము చేయుటకు వారిని ఆహ్వానింపవచ్చును. తాను చెప్పినది వినువారు ఊరిలో కలరని తెలిసిన గురువు మరునాటి పాఠమును మరింత శ్రద్ధతో సిద్ధపరచుకొనును. రజతోత్సవము జరుపుకొనుచున్న గ్రంథాలయమునకు ఇంతకంటె తగిన కార్యము వేరొకటి యుండదు.