కొండ మీద మబ్బు, వాదీలో బండి
(స్వర్ణోత్సవ సమ్మేళనంలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

పదిహేడేళ్ళుగా మస్కట్‌లో సివిల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. "ఎడారిలో రాళ్ళ దారుల మీద బండి నడుపుతావట కదా, దాని గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు సంఘం కార్యదర్శి గారు. ఇక్కడున్న చాలామంది పిల్లలు గల్ఫ్‌లో ఉన్నారు కనుక సరేనన్నాను.

ఎడారి అనగానే మనకు ఇసుక దిబ్బలే గుర్తొస్తాయి. ఒమాన్ ఉత్తరాన ఉన్న హజర్ పర్వతాలు మాత్రం రాతి ఎడారి. అల్ హమ్రా ఊరి నుంచి తారు రోడ్డు సుమారు 2,000 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అక్కడి నుంచి అవతలి వైపుకు కంకర దారి. హత్, బిలాద్ సయత్ అనే కొండ పల్లెల మీదుగా వాదీ బనీ అవ్ఫ్‌లోకి దిగి, రుస్తాక్ వైపు తేలుతుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. వాదీ అంటే మన వాగే. ఏడాదిలో చాలా రోజులు ఎండి ఉంటుంది, అదే దారిగా పనికొస్తుంది.

మౌలాలి గుట్ట ఎక్కి ఆడుకున్నవాళ్ళం, మనకు రాళ్ళు కొత్త కాదు. కానీ మనవి సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైట్ బండలు, అరిగి గుండ్రంగా అయినవి. అక్కడ ఎక్కువగా ఉన్నది ఒకప్పుడు సముద్రం అడుగున ఏర్పడిన సున్నపురాయి. పగిలితే అంచు కత్తిలా ఉంటుంది, టైరు పక్కగోడను కోసేస్తుంది.

అందుకే కంకర మొదలవగానే టైర్లలో గాలి కొంత తీస్తాం. 35 పాయింట్లు ఉంటే 25 దాకా దించుతాం. టైరు మెత్తబడి నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. పీడనం, వైశాల్యం అంటూ మన ఫిజిక్స్ సార్ బోర్డు మీద రాసింది అక్కడ చేతికి తెలుస్తుంది. పెద్ద రాయి ఎదురైతే దాన్ని రెండు చక్రాల మధ్యకు రానివ్వకూడదు, బండి అడుగుకు తగులుతుంది. చక్రాన్నే మెల్లగా దాని మీదికి ఎక్కించాలి. ఒకరు దిగి ముందు నిలబడి దారి చూపాలి. స్టీరింగ్ లోపలికి బొటనవేలు పెట్టకూడదు. దిగుడులో లో గేరు వేసి ఇంజను చేతే బండిని ఆపుకోవాలి, బ్రేకు మీదే ఆధారపడితే అది వేడెక్కి పట్టు వదులుతుంది. జబల్ అఖ్దర్ కొండకు తారు రోడ్డే ఉన్నా, ఫోర్ బై ఫోర్ కాని బండిని పోలీసులు పైకి వదలరు.

ఇదంతా నెల రోజుల్లో నేర్చుకోవచ్చు. అసలు పాఠం నాకు చెప్పింది జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక నీళ్ళ ట్యాంకర్ డ్రైవరు. ఒక మార్చి నెల శుక్రవారం రెండు బండ్లలో పిల్లలతో సహా తొమ్మిది మందిమి రుస్తాక్ వైపు నుంచి వాదీలోకి వెళ్తున్నాం. ఎదురుగా ట్యాంకర్ వచ్చింది. మా బండిలో తెలుగు పాట విని ఆపాడు.

"ఎటు పోతున్నరు సారూ? పిల్లలున్నరు, ఎన్కకు తిప్పుండ్రి. ఆ కొండ మీద మబ్బు జూడుండ్రి" అన్నాడు.

"ఇక్కడ ఎండ కాస్తోంది కదన్నా?"

"ఈడ వాన వడుడు గాదు సారూ. ఆడ వడితే ఈడికి వస్తయి నీళ్ళు."

తిప్పేశాం. మావాళ్ళు కొందరు సణిగారు. రుస్తాక్ దగ్గర చెట్టు కింద పులిహోర తిని ఇంటికి వచ్చేశాం. సాయంత్రం దాకా వాదీలోకి చుక్క నీరు రాలేదు. తర్వాత ఫోన్ చేసి ఆ మాట చెబితే నవ్వాడు. "రాలేదు గదా, మంచిగనే ఆయె. వచ్చినంక తిప్పుదామంటే తిప్పనిస్తదా?"

ఆయన చెప్పింది నిజం. ఆ కొండల మీద నీటిని పీల్చే మట్టి లేదు. ఎక్కడో పైన పడిన వాన అంతా జారి ఒకే ఇరుకు సందులోకి చేరుతుంది. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును, రెండడుగుల ప్రవాహం పెద్ద జీపును సైతం లాక్కుపోగలవు. పారే వాదీని బండితో దాటడం అక్కడ నేరం. 2024 ఏప్రిల్ వరదల్లో ఒమాన్‌లోని సమద్ అల్ షాన్‌లో బడిపిల్లలున్న బండే కొట్టుకుపోయింది. పిల్లలు చనిపోయారు. బడి గురించి మాట్లాడుకుంటున్న ఈ రోజున ఆ సంగతి చెప్పకుండా ఉండలేను.

మనకు వాదీలు లేవు కదా అనుకోకండి. 2020 అక్టోబరు వానలకు మన నగరంలోనే కార్లు కొట్టుకుపోయాయి.

మేం సరదాకు వెళ్ళే దారిలో ఆ అన్న రోజూ జీతం కోసం వెళ్తాడు. అలాంటి మనవాళ్ళు గల్ఫ్‌లో వేలల్లో ఉన్నారు. దారి గురించి వాళ్ళకు తెలిసినంత మన ఫోన్లోని మ్యాపుకు తెలియదు. మీ పిల్లలతో ఈ రాత్రి మాట్లాడేటప్పుడు ఒక్క మాట చెప్పండి. బండిలో ఎవరైనా సరే, చిన్నపిల్ల అయినా సరే, "వెనక్కి పోదాం" అంటే ఎగతాళి చేయవద్దని.